పచ్చ టోపాయన

గుల్జార్ బేగం నన్ను లోపలికి రమ్మనలేదు. కబురు చేసి పిలిపించిన మనిషే, గడప ఇవతల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, తను గడప అవతల నిలబడింది. టైము పది దాటి అయిదు నిమిషాలు. ఆవిడ భర్త మజహర్ జైలుకు వెళ్ళి ఆ రోజుకు నలభై ఒక్క రోజులు. మధ్యాహ్నం రెండున్నరకి సంగారెడ్డి కోర్టులో అతని బెయిల్ పిటిషన్ విచారణకు వస్తుంది. అతన్ని జైలుకు పంపిన కాగితం రాసింది నేనే.

నా పేరు నరసింహమూర్తి. పటాన్‌చెరులో నా పేరుతో ఒక డిటెక్టివ్ బోర్డు వేలాడుతూ ఉంటుంది. పెళ్ళి సంబంధాల వాకబు, ఫ్యాక్టరీల్లో చిల్లర దొంగతనాలు, ఇవీ నా బతుకుతెరువు. అలాంటివాడికి ఒక చావు కేసు వచ్చింది. బొంతపల్లి దారిలో ఉన్న ద్రావకాల ఫ్యాక్టరీలో గోడౌను అంటుకుని పెంటయ్య అనే కాంట్రాక్టు కార్మికుడు కాలిపోయాడు. లోపలి విచారణకి కంపెనీ నన్ను పెట్టుకుంది. పదకొండు పేజీల రిపోర్టు రాశాను. కంపెనీ దాన్ని పోలీసులకి ఇచ్చింది. ఆ రిపోర్టు రాసినందుకు నాలుగు రోజులు మీసం మెలేసుకుని తిరిగాను కూడా.

కేసు ఇంత. ఆ రోజు శుక్రవారం. ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవం, పదకొండున్నరకి బహుమతులు. పదకొండు నలభై రెండుకి ఎవరో ఫైర్ అలారం పెట్టె దగ్గరికి వెళ్ళి శబ్దం రాకుండా మీట నొక్కారు. పెట్టెలోనే ఆ టైము నమోదై ఉంది. పన్నెండూ ఇరవై ఆరుకి గోడౌను అంటుకుంది. అలారం మోగలేదు. లోపల డ్రమ్ములు సర్దుతున్న పెంటయ్యకి బయటపడే టైము దొరకలేదు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయాడు. పోయేముందు, అలారం ఆపిన మనిషిని కిటికీలోంచి చూశానని చెప్పాడు.

"పెంటన్న ఏమన్నడని మీ కాగితంల రాసిన్రు సార్?" అని అడిగింది గుల్జార్ బేగం.

నా రిపోర్టు నాకు కంఠతా వచ్చు. చెప్పాను: "పసుపు రంగు హెల్మెట్ ధరించిన వ్యక్తి అలారం ఆపివేసినట్లు మృతుడు తెలియజేసినాడు."

"గట్ల అన్లే. పెంటన్న పెండ్లాం ఆగమ్మకు తోడుగ నేను ఆడనే మంచం కాడ ఉన్న. 'పచ్చ టోపాయన గంట బంద్ జేసిండు' అన్నడు. గంతే."

పచ్చ అన్నా పసుపు అన్నా ఒకటే కదమ్మా, కాంట్రాక్టు వాళ్ళ హెల్మెట్లు పసుపే కదా అని ఓపిగ్గా వివరించబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"రంగు సంగతి మీకే ఎర్క. నేను గది అడుగుతలే. పెంటన్న ఎన్నడన్న మా ఆయనను 'ఆయన' అన్నడా? ఏడేండ్ల సంది ఒక్క టిఫిన్ డబ్బల తిన్నోళ్ళు. 'అరే మజరుగా' అంటడు. మా మనిషే అయితే 'మజరుగాడు' అంటుండె. తోటి కాంట్రాక్టోడైతే 'పచ్చ టోపోడు' అంటుండె. సచ్చిపోయే మనిషి, ఊపిరి ఆడ్తలేదు, గప్పుడు గూడ 'ఆయన' అన్నడంటే ఎవల్ని అన్నట్టు?"

నా ఫోన్లో, ఆసుపత్రిలో తీసిన పెంటయ్య గొంతు రికార్డింగు ఉంది, ఎనిమిది సెకన్లు. ఆవిడ ఎదురుగానే పెట్టి విన్నాను. ఆవిడ చెప్పింది అక్షరం పొల్లు పోలేదు. పచ్చ టోపాయన. ఆ మాట నా చెవిన పడింది, నా చెయ్యి దాన్ని మార్చేసింది. రిపోర్టు అంటే గౌరవంగా ఉండాలని, పెంటయ్య మాటకి ఇస్త్రీ చేశాను. 'పచ్చ' పోయి 'పసుపు' అయింది, 'ఆయన' పోయి 'వ్యక్తి' అయ్యాడు. మా నాన్న పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి గోదావరి పక్కనుంచి ఇక్కడికి వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే. ముప్ఫై ఆరేళ్ళుగా ఈ మాటల మధ్యే బతుకుతూ, కాగితం మీద పెట్టేసరికి వాటిని మార్చాలని ఎందుకనిపించిందో, తలుచుకుంటే సిగ్గేసింది.

ఆ టైములో మజహర్ ఎక్కడున్నాడని అడిగితే, బాయిలరు వెనక పైపు దగ్గర స్నానం చేస్తున్నానన్నాడు. జుమ్మా నమాజుకి గంట ముందు డ్యూటీలో స్నానమేమిటని, 'నమ్మశక్యంగా లేదు' అని రాశాను. ప్రతి శుక్రవారం టిఫిన్ డబ్బాతో పాటు ఉతికిన కుర్తా పెట్టి పంపుతానని, ఒంటికి ద్రావకాల వాసనతో మసీదుకి పోలేడని గుల్జార్ బేగం ఇప్పుడు చెప్పింది. ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. మీరు అడగలేదు అంది. నిజమే, ఆడవాళ్ళని ఏం అడుగుతాంలే అనుకున్నాను.

"మీకు బద్దువా పెట్ట సార్. రెండున్నర లోపట నిజమేందో జెర సూడున్రి," అని తలుపు వేసేసింది. శాపం పెట్టి ఉంటే బాగుండేది.

పదీ యాభైకి నదీమ్ ఫోటో స్టూడియోలో ఉన్నాను. అసలు నా రిపోర్టు నిలబడింది అతను చేసిన ఫోటో మీదే.

ఈ ఫ్యాషన్ మీరు పెళ్ళి ఆల్బముల్లో చూసే ఉంటారు. ఫోటో అంతా నలుపు తెలుపు, పెళ్ళికూతురి చీర ఒక్కటే ఎర్రగా ఉంటుంది. ఫ్యాక్టరీ వాళ్ళ బహుమతుల ఫోటో కూడా అలాంటిదే. ముందు వరసలో అయిదుగురు కాంట్రాక్టు కార్మికులు, చేతుల్లో స్టీలు డబ్బాలు. ఫోటో అంతా బూడిద రంగు, తలల మీద హెల్మెట్లు మాత్రం పసుపు. కంపెనీ ఆఫీసు గోడకి వేలాడుతుంటే, దాని ముందు నిలబడి టీ తాగుతూ నేనే కనిపెట్టాను. వెనక, అలారం పెట్టె దగ్గర, ఆరో పసుపు హెల్మెట్ ఉంది. వీపు ఇటు, చెయ్యి పైకి. మొహం లేదు. ఆ షిఫ్టులో కాంట్రాక్టు వాళ్ళు ఏడుగురు. అయిదుగురు ముందు వరసలో ఉన్నారు, పెంటయ్య గోడౌనులో ఉన్నాడు. మిగిలింది మజహర్. చిన్నపిల్లల తీసివేత లెక్కలా తేలిపోయిందని సంబరపడ్డాను.

అంతా రంగు తీసేసి ఒక్కదానికే ఉంచారంటే, ఆ ఉంచిన రంగు నిజమైనదే అయి ఉంటుందని నా నమ్మకం. మోసమేదైనా ఉంటే తీసేసిన చోట ఉంటుందనుకున్నాను. ఉంచిన చోట చూడలేదు.

నదీమ్ నలభై ఏళ్ళ మనిషి, పనిమంతుడు. ఆ ఫోటోకి రంగు ఎలా ఉంచావో చేసి చూపించమన్నాను. అతను కంప్యూటర్‌లో వేరే పెళ్ళి ఫోటో తెరిచి చూపించాడు. ఏ రంగు కావాలో దాని మీద ఒకసారి నొక్కితే ఆ రంగు ఉన్న చోటల్లా పట్టుకుంటుంది. మిగతాదంతా నలుపు తెలుపు అయిపోతుంది. నీడ పడ్డ చోటు వదిలేస్తుంటే, దగ్గరి రంగులు కూడా కలుపుకోమని కొంచెం పెంచుకోవాలి.

"కంపెనీ నుంచి 'పచ్చ టోపీలు రంగుల ఉంచాలె' అన్నరు. ముందున్న టోపీ మీద నొక్కిన. నీడ కాడ పోతున్నదని జెర పెంచిన. అయిదూ మంచిగొచ్చినయి. ఎనక ఒకటి గూడ ఒచ్చింది."

"అది కూడా పసుపేనా?"

నదీమ్ కాసేపు ఆలోచించాడు. దాచడానికి కాదు, నిజంగానే గుర్తు చేసుకుంటున్నాడు.

"అది జెర తేడా కొట్టింది సార్. ఆకు రంగు లెక్క. ట్యూబ్‌లైటు పడ్డదేమో అనుకున్న. అయిదు ఒక తీరు, ఒకటి ఒక తీరుంటే ఫ్రేముల మంచిగుండది గద. మిగిలినయాటితోని కలిపేసిన."

"కలిపేశావా?"

"పసుపు జేసిన. మా పనే గది సార్, తేడా కొట్టింది సరిజేసుడు."

స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడే వెనకనుంచి ఒక గొంతు, "ఏం డిటెక్టివ్ సాబ్, పొద్దుగాల్నే ఫోటో దిగనీకి ఒచ్చిన్రా?" అంది.

ఎస్సై నాగేశ్వరి. ఈ కేసు దర్యాప్తు ఆవిడదే. మొదటి రోజునుంచీ నేనంటే పడదు, అందులో ఆవిడ తప్పేమీ లేదు. తన దర్యాప్తు సగంలో ఉండగా నా పదకొండు పేజీలు పైవాళ్ళకి చేరాయి, దాని ప్రకారమే పొమ్మని ఆవిడకి చెప్పారు. అప్పుడు నేను ఆవిడ ఎదురుగా కూర్చుని, మేడమ్ మీ పని తేలిక చేశాను అన్నాను. ఆ మాట ఆవిడ మరిచిపోలేదు. గుల్జార్ బేగం నిన్న సాయంత్రమే వెళ్ళి తన అనుమానం ఆవిడకీ చెప్పిందట, అందుకని ఫోటో సంగతి తేల్చుకోవడానికి వచ్చింది. నదీమ్ చెప్పిందంతా గుమ్మంలో నిలబడి విన్నది.

"రంగు మార్చినవ్. ఒప్పుకున్నవ్. ఇద్దరు సాక్షులం," అని నదీమ్‌తో అంది. "దొంగ సాక్ష్యం తయారు జేసినందుకు నిన్ను లోపటికి తోల్తే, ఆ మజహర్ బయటికొస్తడు. నడువు."

నదీమ్ నా వైపు చూశాడు, నేనేదో చెయ్యగలనన్నట్టు.

నేను అడ్డం వెళ్ళాను. ఫోటో చేసింది ప్రమాదం జరిగిన రోజు సాయంత్రం, ఫ్యాక్టరీ వాళ్ళు ఫ్రేము తీసుకెళ్ళింది మర్నాడు. అప్పటికి పెంటయ్య నోరు విప్పలేదు, ఆ ఆరో హెల్మెట్ సంగతి ఎవరికీ తెలియదు. తెలియని సాక్ష్యాన్ని ఎవరు మారుస్తారు? ఇతను చేసింది అందం కోసం. దాన్ని సాక్ష్యం చేసింది నేను. ఇదంతా గొంతు పెంచే చెప్పాను.

"అయితే మీదే తప్పంటున్నరు."

"అవును."

"రాసిస్తరా?"

"రాసిస్తాను. ఒక అమాయకుణ్ణి బయటికి తేవడానికి ఇంకో అమాయకుణ్ణి లోపల వెయ్యకండి. ఆ పని నేను ఒకసారి చేశాను."

నాగేశ్వరి నన్ను ఎగాదిగా చూసింది. ఈ మనిషి నోట్లోంచి ఇలాంటి మాట వస్తుందని ఆవిడ అనుకున్నట్టు లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే. కెమెరాల పడ్డ అసలు ఫోటో చూపియ్యి," అంది నదీమ్‌తో.

అసలు ఫోటో కంప్యూటర్‌లో లేదు. తీసేశానన్నాడు నదీమ్. నాగేశ్వరి కళ్ళు మళ్ళీ చిన్నవయ్యాయి. నదీమ్ గబగబా బీరువా తెరిచి చిన్న డబ్బీ తీశాడు. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళ కెమెరాల్లో రెండు మెమరీ కార్డులుంటాయి. ఒకటి చెడిపోతే తాళి కట్టే ఫోటో పోయి తన్నులు తినాలి కనక, తీసిన ప్రతి ఫోటో రెండో దాంట్లో కూడా పడుతుంది. రెండో కార్డు ఏడాదిదాకా చెరపడు. కంప్యూటర్‌లోది తీసెయ్యమన్నారు, తీసేశాడు. కార్డు సంగతి ఎవరూ అడగలేదు.

తీసెయ్యమన్నది ఎవరని నేను అడగబోయేలోపే ఫోటో తెర మీదికి వచ్చింది. ఆ ప్రశ్న నా నోట్లోనే ఉండిపోయింది.

రంగులన్నీ ఉన్న ఫోటో. కింద టైము పదకొండు నలభై రెండు, పదిహేడు సెకన్లు. ముందు వరసలో అయిదు పసుపు హెల్మెట్లు, అయిదు నీలం యూనిఫారాలు. వెనక అలారం పెట్టె దగ్గర మనిషికి ఖాకీ చొక్కా. కాంట్రాక్టు వాళ్ళకి నీలం, ఆఫీసర్లకి ఖాకీ. నలుపు తెలుపు చేస్తే రెండూ ఒకటే బూడిద అయిపోయాయి, నాకు తేడా తెలియలేదు. తల మీద హెల్మెట్ ఆకుపచ్చ. నిఖార్సయిన చిలకపచ్చ. పెంటయ్య పచ్చ అన్నది పచ్చనే.

"తెల్లది ఆఫీసర్లది, ఎర్క. ఈ ఆకుపచ్చది ఎవలది?" అని నాగేశ్వరి నన్నే అడిగింది. ఫ్యాక్టరీలో రంగుల పద్ధతి మీద నా రిపోర్టులో అరపేజీ రాశాను కదా, నన్ను కాక ఎవరిని అడుగుతుంది?

నేను వెంటనే చెప్పలేదు. ఎంతసేపు ఊరుకున్నానో నాకు తెలియదు గాని, ఊరుకున్న మాట నిజం, రాయకుండా ఉండలేను. అబద్ధం చెప్పొచ్చని కూడా అనిపించింది. విజిటర్లకిస్తారని అంటే సరిపోతుంది, ఆవిడ కనుక్కునేసరికి ఓ రోజు పడుతుంది. ఆ రోజులో రెండున్నర గడిచిపోతుంది. తలుపు వేసేసిన గుల్జార్ బేగం కళ్ళముందు మెదిలింది.

"సేఫ్టీ ఆఫీసర్‌ది. ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కటే ఉంటుంది," అన్నాను. "పేరు పవన్. మా బావ. మా అక్క శ్రావ్య భర్త."

నదీమ్ మెల్లిగా అన్నాడు, "ఆ సారే ఒచ్చి తీసెయ్యమన్నడు. మీ రిపోర్టు అయినంక."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు ప్రయత్నమైనా చేస్తాడేమో, నేను చెయ్యలేదు. ఆ ఫ్యాక్టరీలో ఇరవై ముగ్గురిని కూర్చోబెట్టి పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా ఎక్కడున్నారో నిమిషాల లెక్కన రాసుకున్నాను. ఆ జాబితాలో బావ లేడు. నాకా పని ఇప్పించింది ఆయన. రోజూ ఆయన గదిలోనే టీ తాగాను. ఆయన బల్ల మీద ఆ ఆకుపచ్చ హెల్మెట్ బోర్లించి ఉండేది, దాని పక్కనే కప్పు పెట్టుకునేవాణ్ణి. మా ఇంట్లో అల్లుణ్ణి 'ఎక్కడికెళ్ళారు' అని కూడా అడగరు. మా నాన్న ఇప్పటికీ ఆయన వస్తే లేచి నిలబడతాడు. ఇంట్లో నేర్చుకున్న మర్యాదని విచారణలోకి మోసుకెళ్ళాను.

"ఫోన్ జెయ్యిండ్రి," అంది నాగేశ్వరి. "స్పీకర్ల పెట్టిండ్రి. నేనున్ననని జెప్పకుండ్రి."

పన్నెండూ పది. మూడో రింగుకి ఎత్తాడు.

"బావా, అసలు ఫోటో చూశాను," అన్నాను.

అవతల గది తలుపు వేసిన చప్పుడు.

"ఇప్పుడెందుకురా అది?" అన్నాడు బావ. కోపం లేదు, విసుగు ఉంది.

"అలారం ఆపింది నువ్వే."

"ఆ సైరను పొద్దుట్నుంచీ ఊరికే కూస్తోంది. పెద్దాయన మాట్లాడుతుంటే రెండుసార్లు కూసింది, అందరూ నవ్వారు. సభ అయ్యేదాకా అని ఆపాను. తర్వాత మిగతా ఫోటోలు, భోజనాలు. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. పెంటయ్యని చంపాలని చేశానా? ఇవన్నీ నీకు తెలిసినవే కదా."

"నాకు తెలియడమేమిటి?"

"మూర్తీ, నా దగ్గర కూడానా? ఆగమ్మ ఫ్యాక్టరీకి వచ్చి అందరి ముందూ ఏడుస్తూ చెప్పింది, పచ్చ టోపాయన అన్నాడని. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మర్నాడు నువ్వు రిపోర్టు చదివి వినిపించావు. పసుపు హెల్మెట్ ధరించిన వ్యక్తి అన్నావు. నేను ఒక్క ముక్క అడిగానా మార్చమని? నువ్వే మార్చావు. ఫోటో కూడా నువ్వే చూపించావు. నన్ను కాపాడటానికే చేశావనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను."

"అక్కకి తెలుసా?" అన్నాను.

"అక్కకి తెలియకపోతే నీకు కొత్త చొక్కా ఎందుకు పెట్టిందిరా? నీ పుట్టినరోజా, పండగా? తమ్ముడు నా పసుపు కుంకాలు నిలబెట్టాడని ఏడ్చింది. ఫోన్లో ఇంకేం మాట్లాడకు. సాయంత్రం ఇంటికి రా." పెట్టేశాడు.

నదీమ్ తల దించుకుని కార్డుని డబ్బీలో పెడుతున్నాడు. అతను నా మొహం చూడటానికి సిగ్గుపడుతున్నాడని అర్థమైంది.

నాగేశ్వరి తన ఫోన్ బల్ల మీద పెట్టింది. మాటలన్నీ దాంట్లో రికార్డయ్యాయి. నేను తెలియక రాశాను మేడమ్ అన్నాను. అంటుంటేనే నా చెవులకి ఆ మాట ఎలా వినపడిందో చెప్పలేను. నేను విచారించినవాళ్ళలో ఎంతమంది నాతో ఈ మాటే అనలేదు!

"తెల్వక జేసిన్రో, తెలిసి జేసిన్రో, నేను జెప్పలేను," అంది నాగేశ్వరి. ఎగతాళి పోయింది ఆవిడ గొంతులోంచి, అది ఇంకా భయంగా ఉంది. "మజహర్ బెయిలుకు మీ స్టేట్‌మెంట్ గావాలె, ముందుగాల అది రాయిండ్రి. రిపోర్టు తప్పని, పెంటయ్య మాట మీరే మార్చిన్రని. అది రాస్తే మీ మెడకు మీరే ఉరి ఏసుకున్నట్టయితది, ఆ సంగతి గూడ జెప్తున్న. మీ అక్కను గూడ అడగాల్సి ఒస్తది. ఆలోచించుకుంటరా?"

ఆలోచించుకుంటానంటే ఒప్పుకునేదే అనుకుంటాను. కాగితం అడిగాను. నదీమ్ స్టూడియో బిల్లు పుస్తకంలోంచి చించి ఇచ్చాడు. వెనకవైపు ఒకటిన్నర పేజీ రాసి సంతకం పెట్టాను. టైము పన్నెండూ నలభై.

ఆవిడ చదివి మడిచి జేబులో పెట్టుకుంది. లేవలేదు.

"మీ అక్క పెట్టిన చొక్కా ఇంట్లున్నదా?"

నేను కిందికి చూసుకున్నాను. కోర్టు పని పడొచ్చని పొద్దున మంచి చొక్కా వేసుకున్నాను.

"ఇదే," అన్నాను.

"ఇప్పి ఇయ్యిండ్రి. మేలు జేసినందుకు ముట్టిన వస్తువు గద, పంచనామల రాయాలె."

విప్పి ఇచ్చాను. బనీనుతో నిలబడ్డాను. నదీమ్ లోపలికి వెళ్ళి, పాస్‌పోర్టు ఫోటోలు దిగేవాళ్ళకి తొడిగే నల్లకోటు తెచ్చి నా చేతికిచ్చాడు. ఎంతమంది చెమటో దాని మెడ పట్టీ కింద. కోటు చేతులు నాకు మోచెయ్యి దాటి నాలుగు వేళ్ళు మాత్రమే వచ్చాయి. తొడుక్కున్నాను. సంగారెడ్డికి జీపులో గంట ప్రయాణం. ముందు సీట్లో నాగేశ్వరి ఎక్కింది, నన్ను వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య కూర్చోమంది. జేబులో ఫోను మోగుతోంది. అక్క. నాగేశ్వరి వెనక్కి చెయ్యి చాపింది, నేను ఫోను ఆవిడకి ఇచ్చేశాను.